కొలతల పుస్తకంలో బాణీలు

రండి, దగ్గరికి జరగండి. గుమ్మంలో నిలబడ్డవాళ్లు లోపలికైనా రండి, బయటికైనా పోండి; మధ్యలో నిలబడి గాలి ఆపకండి. ఎవరి కోడలు ఏమన్నదో తర్వాత చెప్పుకోవచ్చు. అండాలమ్మ సూదికి దారం ఎక్కిస్తోంది. ఆ సమయంలో ఎవరు నోరు విప్పినా సూది కన్ను మూసుకుంటుందని దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఎక్కింది. ఇక వినండి.

అది సద్దుల బతుకమ్మకు ముందురోజు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు కావస్తోంది. బస్సులన్నీ డిపోలో వరుసగా దుమ్ము కప్పుకుని పడుకున్నాయి. బొగ్గు రావడం లేదని కరెంటు ఇష్టం వచ్చినప్పుడు వచ్చి, ఇష్టం వచ్చినప్పుడు పోతోంది. అది పోగానే సందులో ఉన్న తొమ్మిది మోటారు కుట్టుమిషన్లూ ఒక్కసారే మూగబోతాయి. పదో మిషన్ మాత్రం టకటకలాడుతూనే ఉంటుంది. దానికి మోటారు లేదు. దశరథ కాళ్లున్నాయి.

అందుకని నాలుగు రోజులుగా పండక్కి కొత్త జాకెట్టు కావాల్సిన ఆడవాళ్లంతా దశరథ కొట్టు ముందే ఉన్నారు. వరుస డిపో గేటు దాటి, మెయిన్ రోడ్డు ఎక్కి, కొత్తపేట పండ్ల మార్కెట్ దాకా పోయిందని, చివర నిలబడ్డామె బత్తాయి తిని గింజ నాటితే తన వంతు వచ్చేసరికి రెండాకులు వేసిందని చెబుతారు. మొక్క మాట ఎలా ఉన్నా, దశరథ తొక్కిన తొక్కుడు మాత్రం నిజం. ఆ మిషన్‌కు చక్రాలు బిగించి ఉంటే నల్లగొండ పోయి, దారిలో నార్కట్‌పల్లి దగ్గర చాయ్ తాగి, పొద్దు గూకకముందే తిరిగి వచ్చేవాడు.

అండాలమ్మ ఆయన భార్య. మిషన్‌కు రెండు మూరల దూరంలో, గడప పక్కన, మడత పెట్టిన గోనెసంచి మీద కూర్చుంటుంది. ముప్పై ఏళ్లుగా అదే చోటు. ఆయన కుట్టి విసిరిన జాకెట్టు సరిగ్గా ఆమె ఒళ్లో పడుతుంది. హుక్కులు కుట్టాలి, కాజాలు తీయాలి, అంచు మడిచి చేతికుట్టు వేయాలి. ఆమె కుడి చూపుడువేలి కొస సూదిపోట్లకు జల్లెడైపోయింది. ఆ వేలిని నీళ్లలో ముంచి ఎత్తితే సన్నగా ధారలు కట్టేదని ఆడవాళ్లు నవ్వుకునేవారు. కళ్లద్దాల కాడ విరిగితే నల్లదారంతో కట్టుకుంది. చదువు రాదు. కొట్టు మీది బోర్డులో ఎర్రగా ఉన్నది భర్త పేరని, పచ్చగా ఉన్నది పువ్వు బొమ్మ అని మాత్రం తెలుసు.

వాళ్లది మునుగోడు దగ్గర పల్లె. పెళ్లయిన మూడో ఏట మిషన్‌ను రెండు ముక్కలు చేసుకుని పట్నం వచ్చారు. ఇనుప స్టాండును ఆయన బస్సు టాపు మీదికి ఎక్కించాడు. తలకాయను దుప్పట్లో చుట్టి ఆమె ఒళ్లో పెట్టుకుంది. కండక్టరు దుప్పటి కదలకపోవడం చూసి, బిడ్డ బుద్ధిమంతుడని మెచ్చుకుని, అర టికెట్ కూడా కొట్టలేదట. తర్వాత వాళ్లకు వేరే బిడ్డలు కలగలేదు. మన్సూరాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నారు. పొద్దున ఇద్దరూ కలిసి కొట్టుకు రావడం, చీకటి పడేలోపు ఇద్దరూ కలిసి వెళ్లడం. అంతే జీవితం.

ఇక పుస్తకాల సంగతి. దశరథ ఎవరి దగ్గరా ఆది జాకెట్టు తీసుకోడు. ఒక్కసారి టేపు పట్టి కొలిచి పుస్తకంలో రాసుకుంటే జన్మకు సరి. మనిషి లావైతే ఎంత లావైందో గుమ్మంలోకి రాగానే కంటితో చూసి పక్కన దిద్దేవాడు. అలాంటి పొడుగు పుస్తకాలు పంతొమ్మిది ఉన్నాయి. బిస్కెట్ల అట్టపెట్టెలో, మిషన్ పక్కనే.

ఆయన చదువు మూడో తరగతి. అండాలమ్మకు అదీ లేదు. కొలత రాస్తే ఆమెకు తెలియదు కాబట్టి, కొత్తలోనే ఆయన ఆమె కోసం గుర్తులు కనిపెట్టాడు. సున్నా గీస్తే కాజా. నిలువు గీతైతే అక్కడ కుట్టు ఆపాలి. చుక్కలు చుక్కలుగా పోతే చేతికుట్టు. అలలాగా ఉంటే కుచ్చు పెట్టాలి. పక్కపక్కన రెండు గీతలుంటే రెండుసార్లు కుట్టాలి. ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆమె ఒక్క మాట అడక్కుండా వెయ్యి జాకెట్లు పూర్తిచేసింది.

మరి బాణీలు ఎక్కడివంటే, కాళ్ల కిందివి. మిషన్ తొక్కుతుంటే ఆ నడకకు ఆయన గొంతులో ఏదో కదిలేది. సందులో ఉండే శైలేందర్ ఆర్టీసీ డ్రైవరు. పాటలు రాస్తాడు, మంచి గొంతు. ఉద్యమం ఊపందుకున్నాక రాసిన కాగితం తెచ్చి మిషన్ మీద పెట్టేవాడు. దశరథ దాన్ని బట్ట కింద పెట్టుకుని, రెండు జాకెట్లు కుట్టేలోపు బాణీ కట్టి పాడి వినిపించేవాడు. రేపటికి మర్చిపోకుండా రాసుకోవాలి కదా. స్వరాలు ఆయనకు తెలియవు. ఉన్నవి అండాలమ్మ గుర్తులే. పుస్తకం తిరగేసి వెనకనుంచి మొదలుపెట్టాడు. సున్నా అంటే తాళం పడే చోటు. నిలువు గీత అంటే ఊపిరి ఆగే చోటు. చుక్కలైతే గొంతు తేలిగ్గా పోవాలి, అలైతే వణకాలి, జంటగీతలైతే మళ్లీ పాడాలి. పుస్తకానికి ముందునుంచి జాకెట్లు, వెనకనుంచి బాణీలు.

ఆ బాణీలు ఉద్యమ ఆటపాటల ధూంధాం వేదికలెక్కాయి. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీద వంటావార్పు చేస్తే, అన్నం ఉడుకుతుండగా జనమంతా అవే పాడారు. పాడే ముందు మైకులో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట, ఇది మన పాత జానపద బాణీ అని. ఆ మాట విన్నప్పుడల్లా అండాలమ్మ వేలికి సూది గుచ్చుకునేది.

ఆ పొద్దున కూడా డిపో ముందు సమ్మె టెంటులో మైకు అదే మాట అన్నది. ఆమె తలెత్తకుండానే భర్తను అడిగింది.

"ఇన్నవా? పాత బాణీనట. మొన్న శ్రావణంల కట్టినవు గదయ్యా."

"కానియ్యి. నా పేరు చెప్తె ఏమైతదో ఎర్కేనా? మీటింగుల కూసున్న ఆడోళ్లంత లేసి, మా జాకిట్లు ఎప్పుడిస్తవని అడుగుతరు."

బయట నిలబడ్డ ఆడవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. రెండు నెలల కింద పెద్ద దవాఖానలో డాక్టరు దశరథ గుండె మీద గొట్టం పెట్టి చూసి, మిషన్ తొక్కడం మానమన్నాడు. ఆయన సరేనని తలూపి, అదే మధ్యాహ్నం వచ్చి పన్నెండు జాకెట్లు కుట్టాడు. అప్పటినుంచీ ఆమెకు ఒకటే దిగులు. ఈయన పోతే ఈ బాణీలు ఎవరివీ కాకుండా పోతాయి. ఎక్కడో ఒకచోట, ఒక్క కాగితం మీదైనా, ఇవి ఈయనవని రాసి ఉండాలి.

రాసే మనిషి దొరికింది కూడా. ఎల్‌బీ నగర్ చౌరస్తా అవతల ఒక ట్రస్టు వాళ్ల గ్రంథాలయం ఉంది. అందులో పాత కాగితాలు, ఉత్తరాలు, చేతిరాతలు దాచే గదికి పెద్ద వేదవతి. గుడివాడ నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా ఆమె మాట గుడివాడలోనే ఉంది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చి, పుస్తకం తలకిందులుగా చూసి, ఆ గీతలేమిటని అడిగింది. దశరథ ఒకటి పాడి చూపించాడు. ఆమె జాకెట్టు సంగతి మరిచిపోయి, ఆ పుస్తకాలు గ్రంథాలయానికి ఇవ్వమని అక్కడే బతిమాలింది. మనిషికో కార్డు రాస్తామని, అది వందేళ్లయినా ఉంటుందని చెప్పింది.

"కార్డు మీద ఏమని రాస్తరు మేడం?" అని అండాలమ్మ అడిగింది.

"బాణీలు కట్టినవారు దశరథ, దర్జీ, దిల్‌సుఖ్‌నగర్ అని రాస్తామండి."

ఆ వాక్యాన్ని అండాలమ్మ కొంగున ముడి వేసుకున్నట్టు దాచుకుంది. దశరథ మాత్రం పుస్తకాలు వదలనన్నాడు. బతుకమ్మ ముందర కొలతలు పంపిస్తే సందులో ఆడవాళ్లు తనను కత్తెరతో పొడుస్తారన్నాడు. పండగ పోనీ, నెల రోజులు కూర్చుని ఒక్కొక్కటే పాడి అప్పగిస్తానన్నాడు. గుర్తులున్నా, పాడితే తప్ప ఎవరికీ అర్థం కావని వేదవతికీ తెలుసు. అందుకే ఆగింది.

ఆ రోజు పన్నెండింటికి వేదవతి స్కూటీ మీద వచ్చింది. సంచిలో చిన్న రికార్డరు ఉంది. అండాలమ్మే రమ్మని కబురు చేసింది. పండగ దాకా ఆగొద్దని, ఇవాళే ఒక్కటైనా పట్టుకోమని గుసగుసగా చెప్పింది. దశరథకు కోపం రాలేదు. బట్ట తిప్పుకుంటూనే, వరుసలో వాళ్లు ఒప్పుకుంటే పాడతానన్నాడు. వరుసలో వాళ్లకు కావలసింది జాకెట్లు. పాడుతూ కుడితే పర్వాలేదని, కుట్టు ఆగితే మాత్రం మేడంనే మిషన్ మీద కూర్చోబెడతామని వాళ్లు చెప్పారు. ఆంధ్రా మేడం కుట్టిన తెలంగాణ జాకెట్టు చేతులు కలవవని ఒకామె అంటే, వేదవతే అందరికంటే ముందు నవ్వింది.

ఆయన పాడాడు. కాళ్లు కింద నడుస్తున్నాయి, గొంతు పైన నడుస్తోంది. వరుసలో ముచ్చట్లు ఆగిపోయాయి. రోడ్డు మీద సమ్మె మైకు కూడా కాసేపు గొంతు తగ్గించుకుందని, డిపోలో ఒక బస్సు తాళం చెవి లేకుండానే ఇంజను మూలిగిందని తర్వాత చెప్పుకున్నారు. రెండో చరణం మలుపులో దశరథకు ఊపిరి అందలేదు. కాళ్లు ఆగలేదు, గొంతు మాత్రం ఆగింది. అక్కడ ఒక నాలుగు అడుగుల మేర పాట ఖాళీగా ఉండాలి. ఉండలేదు. మళ్లీ ఊపిరి తీసుకుని ఆయన చివరిదాకా పాడాడు. వేదవతి కళ్లు తుడుచుకుని రికార్డరు సంచిలో వేసుకుంది.

మూడు గంటలకు వరుస పలచబడింది. అండాలమ్మ సద్ది విప్పి ఆయనకు పెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. సగం తిని చాలన్నాడు. పుస్తకాలు రేపు పండగవగానే ఎల్లుండికి పంపిద్దామని తనే అన్నాడు. ఆమెకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆయన చెప్పులు వరుసగా పెట్టింది, ఎందుకో తెలియకుండానే.

నాలుగైంది. ఇంకో రెండు జాకెట్లే మిగిలాయి. కరెంటు వచ్చింది, సందులో మోటార్లన్నీ గుర్రుమన్నాయి. అండాలమ్మ ఆకుపచ్చ జాకెట్టుకు కాజా తీస్తోంది. ఆ గుర్రుల మధ్యలో కూడా ఆమెకు ఒకే మిషన్ చప్పుడు వినిపిస్తుంది. అది ఆగింది. బాబిన్‌లో దారం అయిపోయిందనుకుంది. కాజా పూర్తి చేసింది. పంటితో దారం కొరికింది. ఇంకో కాజా మొదలుపెట్టింది.

బాబిన్ మార్చడానికి అంతసేపు పట్టదు.

ఆమె తలెత్తింది. దశరథ మిషన్ మీద చెంప ఆనించి, ఏదో వింటున్నట్టున్నాడు. ఎడమ చెయ్యి చక్రం మీదే ఉంది. సూది కింద పసుపు రంగు జాకెట్టు చెయ్యి సగం కుట్టు పడి ఆగింది. ఆమె దగ్గరికి వెళ్లి, ముందు ఆయన వేలు సూది కిందనుంచి పక్కకు జరిపింది. ఆ తర్వాతే పిలిచింది.

మర్నాడు పండగ. అయినా సందు సందంతా మన్సూరాబాద్ దాకా నడిచింది. శైలేందర్ ముందు నడుస్తూ దారి పొడుగునా పాడాడు. జనం అందుకున్నారు. తన బాణీలోనే దశరథ వెళ్లిపోయాడు.

పదకొండో రోజు తర్వాత అండాలమ్మ కొట్టు తెరిచింది. ఎదురు కొట్టు సాయికుమార్ వచ్చి మర్యాదగా నిలబడ్డాడు. మోటారు మిషన్లు మూడున్నాయి అతనికి. మాట మంచిదే.

"పెద్దమ్మా, ఆ పుస్తకాలు నాకియ్యి. గిరాకీ అంత నా కాడికొస్తది. నువ్వు బతికినన్ని దినాలు కాజాల పని నీదే. ఒకళ్లనడుక్కునే పనుండదు."

అబద్ధం కాదు. ఆ పంతొమ్మిది పుస్తకాలే ఆ సందులో ఆస్తి. ఎవరి దగ్గర ఉంటే వాడి దగ్గరికి ఆడవాళ్లు పోతారు. అవి పోతే ఆమెకు మిగిలేది ఒక గోనెసంచి, ఒక సూది. రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు పొద్దున అట్టపెట్టెకు తాడు కట్టి, షేర్ ఆటోలో పక్క సీటు మీద కూర్చోబెట్టి, ఎల్‌బీ నగర్ తీసుకెళ్లింది.

వేదవతి పెట్టెను బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్క పేజీ తిప్పింది. సున్నాలు, గీతలు, అలలు. మూడొందల బాణీలుంటాయి. పాడి అప్పగిస్తానన్న మనిషి లేడు. ఇవి ఇక చిత్రాలే అని ఆమె మెల్లగా అన్నది. కనీసం గొంతైనా విందామని రికార్డరు పెట్టింది. దశరథ పాడుతున్నాడు, కింద మిషన్ నడుస్తోంది. రెండో చరణం మలుపు వచ్చింది. ఆయన ఊపిరి తెగిన చోట సన్నగా, ముక్కుతో పాడినట్టు, ఇంకో గొంతు నాలుగు అడుగులు నడిచి ఆయనకు అందించింది.

వేదవతి ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వింది.

"ఇదెవరండీ?"

"నేనే. ఒక్కోపారి ఆయనకు ఊపిరి సాలదు గదా, అందిస్తుంట."

"మీకు ఈ గుర్తులు తెలుసా అండాలమ్మ గారూ?"

"తెల్వకపోతె కాజా యాడ తియ్యాలె మేడం? ఇవి నా కోసం గీసినయే."

వేదవతి లేచి వచ్చి ఆమె జల్లెడ వేలు పట్టుకుని కూర్చుంది. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆ బాణీలు పాడి అప్పగించడానికి అండాలమ్మ అక్కడికి వెళ్లేది. కార్డు మీద పేరు రాసిననాడు దాన్ని వేలితో తడిమి, దర్జీ అన్న మాట ఎక్కడుందో చూపించమన్నది. బతుకు మాట కూడా ఎవరూ అనుకోని దారి పట్టింది. సందులో ఆడవాళ్లు కొలతల కోసం గ్రంథాలయానికే వచ్చేవారు. పరిశోధకులు సంతకం చేసే రిజిస్టరులో, వచ్చిన పని అనే గడిలో, పై నుంచి కిందికి జాకెట్టు, జాకెట్టు, జాకెట్టు అని నిండిపోయింది. సాయికుమార్ వారానికోసారి చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చి, పెన్సిలుతో కొలతలు రాసుకుని పోయేవాడు. కాజాల పని ఆమెకే ఇచ్చాడు. ఆ ఏడు దేశంలో ఏ గ్రంథాలయానికీ అంతమంది రాలేదని, ఢిల్లీ నుంచి ఎవరో వచ్చి రహస్యమేమిటని అడిగి, వెళ్తూ వెళ్తూ భార్యకు రెండు కుట్టించుకుపోయారని ఒక మాట ఉంది.

ఏడాది తిరిగాక గ్రంథాలయం వాళ్లు దశరథ పేరు మీద సభ పెట్టారు. వేదిక మీద పటానికి దండ, పటం ముందు పంతొమ్మిది పుస్తకాలు. బాపిరాజు అనే సంగీతం మాస్టారు వనస్థలిపురం నుంచి వచ్చాడు. అండాలమ్మ చెప్పిన గుర్తులన్నీ శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఎవరూ వినని బాణీ ఒకటి తనే వెతికి పట్టానని, పదకొండో పుస్తకం తెరిచాడు. సరిగ్గా నడిమి పేజీ. ముందునుంచి వచ్చిన జాకెట్లు, వెనకనుంచి వచ్చిన బాణీలు కలుసుకున్న చోటు అది.

కళ్లు మూసుకుని పాడాడు. రెండు అలలు, ఒక పొడవాటి చుక్కల వరుస, ఏడు తాళాలు, జంటగీతలు. మళ్లీ అదే. మనిషికి నిజంగా మంచి గొంతు. శైలేందర్ కళ్లనీళ్లు పెట్టుకుని, ఇందులో నల్లగొండ బావుల లోతుందన్నాడు. చప్పట్లు మోగాయి.

అండాలమ్మ మొదటి వరుసలో కూర్చుని ఆ పేజీనే చూస్తోంది. ఏడు సున్నాలు. వీపు వైపు కుచ్చు. ఆమె పెదవులు బిగించింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, లాభం లేకపోయింది. ఏడాదిగా నవ్వని నవ్వంతా ఒక్కసారే బయటికి వచ్చింది. పక్కనున్న వేదవతి కంగారుపడి ఏమైందని అడిగితే, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పింది.

"మేడం, అది పాట కాదు. కౌసల్యమ్మ జాకిటి."

ఆ మాట హాలు చివరిదాకా పోయింది. బాపిరాజు పుస్తకం మూయాలో తెరిచి ఉంచాలో తెలియక నిలబడ్డాడు. వెనక వరుసలో ఒక లావుపాటి పెద్దావిడ బెంచీ పట్టుకుని లేచి నిలబడింది. చౌరస్తాలో పూలమ్ముకునే కౌసల్యమ్మ ఆమే. అందరూ తనవైపు తిరిగేదాకా ఆగి, గొంతు సవరించుకుంది.

"నేను ఆనాడే చెప్పిన, చేతులు జర పొడుగు పెట్టమని. ఇనలే. పెట్టి ఉంటె పాట ఇంకో రెండు నిమిషాలు వచ్చేది."